బిట్‌కాయిన్ యంత్రం: బెజవాడ కరెంటుకు గిట్టుబాటవుతుందా?

విజయవాడ: బిట్‌కాయిన్ ధర తేజీలో ఉన్నప్పుడల్లా వర్తకులలో ఒక ఆలోచన తలెత్తడం సహజం. నాణేన్ని డబ్బు పోసి కొనడం ఎందుకు, దానిని పుట్టించే యంత్రాన్నే కొని కొట్టు వెనుక గదిలో పెడితే పోలేదా అన్నదే ఆ ఆలోచన. వడ్లు కొని అమ్మేవాడికన్నా మర ఉన్నవాడే నిలదొక్కుకుంటాడన్నది డెల్టాలో పాత నమ్మకం. యంత్రం అంటే మనవారికి గౌరవం ఎక్కువ.

2025 అక్టోబరు మొదటి వారంలో ఈ నాణెం 1 లక్షా 26 వేల డాలర్లు, అంటే మన లెక్కన సుమారు 1 కోటి 10 లక్షల రూపాయలు పలికింది. అప్పటికి అది చరిత్రలోనే అత్యధిక ధర. ఆ ధర దగ్గర కూడా, బాగా వాడుకలో ఉన్న కొత్తతరం యంత్రాన్ని విజయవాడ కరెంటు ధారణకు నడిపితే, పన్ను పోను మిగిలేది కరెంటు బిల్లుకు చాలదు. యంత్రం ఖరీదు, దాని మీద వడ్డీ లెక్కలోకి రాకముందే పరిస్థితి ఇది. ఎందుకు ఇట్లా తేలుతున్నదో వివరంగా చూడవలసి ఉన్నది. యంత్రం అమ్మజూపేవారు చూపించే కాగితంలో సాధారణంగా రాబడి వరుస మాత్రమే ఉంటుంది.

మరలు పెరిగినా బియ్యం పెరగవు

"తవ్వకం" అనే మాట వర్తకులను దారి తప్పిస్తుంది. ఇందులో తవ్వేది ఏమీ లేదు. ప్రపంచమంతటికీ ఒకటే చిట్టా ఉన్నది. ఎవరు ఎవరికి ఎన్ని నాణేలు ఇచ్చినదీ అందులో ఎక్కుతుంది. సుమారు పది నిమిషాలకు ఒక పేజీ చొప్పున ముగించి సీలు వేయవలసి ఉంటుంది. ఆ సీలు వేసే హక్కు కోసం యంత్రాలు ఒక అంకెను ఊహిస్తూ పోటీ పడతాయి. అంకె ముందుగా తగిలినవారికి కొత్త నాణేలు బహుమానంగా వస్తాయి. ఇంతకు మించి ఆ యంత్రం చేసే పని ఏమీ లేదు.

2009లో పేజీకి 50 నాణేలు ఇచ్చేవారు. 2012లో 25, 2016లో పన్నెండున్నర, 2020లో 6.25 అయినవి. 2024 ఏప్రిల్ నుండి 3.125 మాత్రమే. రోజుకు 144 పేజీలు కనుక ప్రపంచం మొత్తం మీద రోజుకు పుట్టేవి 450 నాణేలు. వర్తకులు చెల్లించే లావాదేవీల రుసుము కొంత అదనంగా వస్తుంది కాని, మామూలు రోజులలో అది స్వల్పం. ఎన్నాళ్ళు గడిచినా మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలు దాటకుండా ముందే కట్టడి చేసి పెట్టారు.

ఇక్కడే మన బియ్యం మరకు, ఈ యంత్రానికి ఉన్న తేడా పట్టుకోవాలి. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే పచ్చిబియ్యం లెక్కలో క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం అప్పగించాలి. పక్క ఊళ్ళో ఇంకో పది మరలు లేచినా ఆ 67 కిలోలు 60 కావు. బిట్‌కాయిన్ ఊళ్ళో అట్లా కాదు. ఆ ఊరు మొత్తానికి రోజుకు 450 బస్తాలే. ఎన్ని మరలు ఉంటే అన్నిటికీ వాటి వేగాన్నిబట్టి అవే పంచుతారు. మరలు రెట్టింపయితే మన వాటా సగమవుతుంది. కరెంటు బిల్లు మాత్రం పైసా తగ్గదు. యంత్రాలు ఎక్కువై పేజీలు తొందరగా ముగుస్తుంటే, ప్రతి 2016 పేజీలకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకు, అంకెను పట్టడం అంత కష్టమయ్యేట్టు లెక్క దానంతట అదే బిగుస్తుంది. కాటా దగ్గర తీసే తరుగు అయితే వాదించి తగ్గించుకోవచ్చు. ఈ తరుగు ఎవరు వాదించినా తగ్గదు.

ఒక్క యంత్రంతో పేజీ తగలాలంటే జన్మలు చాలవు. అందుచేత అందరూ కొన్ని పెద్ద జట్లలో చేరి, ఏ రోజు వాటా ఆ రోజు తీసుకుంటారు. జట్టు నడిపేవారు నూటికి ఒకటి, రెండు చొప్పున కమీషన్ పట్టుకుంటారు. దళారీ లేని బజారు ఇక్కడా లేదు.

కరెంటు లెక్క

ఊహల వేగాన్ని టెరాహాష్‌లలో కొలుస్తారు. ఒక టెరాహాష్ అంటే సెకనుకు లక్ష కోట్ల ఊహలు. 2025లో ప్రపంచంలోని యంత్రాల మొత్తం వేగం వంద కోట్ల టెరాహాష్‌లను అందుకున్నది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ స్థాయి మీద వేసినవే. అది పెరిగినకొద్దీ రాబడి అదే నిష్పత్తిలో తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది.

చైనాకు చెందిన బిట్‌మెయిన్ సంస్థ 2023లో ప్రకటించిన ఆంట్‌మైనర్ ఎస్21 అనే యంత్రాన్ని నమూనాగా తీసుకుందాం. వేగం 200 టెరాహాష్‌లు. కరెంటు వాడకం మూడున్నర కిలోవాట్లు. దీనికి రాత్రీ పగలూ లేదు, ఆదివారం లేదు. రోజుకు 84 యూనిట్లు తాగుతుంది. పైన చెప్పిన స్థాయిలో ఈ యంత్రం వాటాకు రోజుకు వచ్చేది ఒక నాణెంలో లక్షకు 9 వంతులు, అంటే 0.00009. ఏడాదంతా ఆగకుండా తిరిగితే 0.033 నాణెం.

రాష్ట్రంలో 2022లో నిర్ణయించిన ధారణ ప్రకారం ఇంటి మీటరు మీద నెలకు 400 యూనిట్లు దాటిన వాడకానికి యూనిట్ 9 రూపాయల 75 పైసలు. ఇంధన సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. 400 యూనిట్లను ఈ యంత్రం అయిదు రోజులలో దాటుతుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం నడపడానికి డిస్కమ్ వారు ఒప్పుకోరు. దుకాణం మీటరు మీద ఇంతకన్నా ఎక్కువే పడుతుంది. అయినా కొనేవారి పక్షాన తక్కువ ధారణే వేసుకుందాం. 84 యూనిట్లకు రోజుకు 819 రూపాయలు. సంవత్సరానికి రమారమి 3 లక్షలు.

819 రూపాయల కరెంటుకు 0.00009 నాణెం వస్తే, పూర్తి నాణేనికి ఎంత పడినట్లు? 91 లక్షల రూపాయలు. యంత్రం ఊరికే వచ్చిందనుకున్నా, గదికి అద్దె లేదనుకున్నా, ఒక నాణేనికి కరెంటు ఖర్చే 91 లక్షలు. ఆ రోజు ఉదయం నాణెం ధర ఎంత ఉన్నదో చూసుకుని ఈ అంకెతో పోల్చుకోవడమే వర్తకుడు చేయవలసిన మొదటి పని.

కరెంటు యూనిట్ ఏడున్నర రూపాయలకు దొరికే పరిశ్రమదారుకు ఇదే లెక్క 70 లక్షలకు దిగుతుంది. 4 రూపాయలకు దొరికేవారికి 37 లక్షల పైచిలుకు. ఈ వ్యాపారంలో ప్రపంచం మీద నిలబడినవారు ఈ మూడవ రకంవారే. జలవిద్యుత్తు మిగులు ఉన్న భూటాన్‌లో ప్రభుత్వ సంస్థ డ్రుక్ హోల్డింగ్ ఈ పని చేస్తున్నది. పరాగ్వేలో, ఇథియోపియాలో నదుల మీది కరెంటుకు, అమెరికాలోని టెక్సాస్‌లో రాత్రిపూట చౌకగా వచ్చే గాలి కరెంటుకు యంత్రాలు చేరినవి. విజయవాడ కొట్టులోని యంత్రం పోటీ పడవలసింది వీరితో. గుడివాడ మిల్లరు పెనమలూరు మిల్లరుతో పోటీ పడటంలాంటిది కాదిది.

ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు ఊళ్ళోకి కనిపిస్తున్నవి కదా, కరెంటు పుట్టేచోటే ఉన్నాం కదా అనేవారూ లేకపోలేదు. 1979లో మొదటి యూనిట్‌తో మొదలై ఇప్పుడు 2,560 మెగావాట్లకు పెరిగిన నార్ల తాతారావు థర్మల్ కేంద్రం కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది. మీటరు ధారణ ఇబ్రహీంపట్నంలోనూ ఇచ్ఛాపురంలోనూ ఒకటే.

ఈ యంత్రాల పనికి ప్రపంచ బజారులో రోజువారీ ధారణ కూడా ఉన్నదన్న సంగతి మనవారిలో చాలామందికి తెలియదు. దానిని హాష్‌ప్రైస్ అంటారు. వెయ్యి టెరాహాష్‌ల వేగం గల యంత్రాలు ఒక రోజు తిరిగితే ఎన్ని డాలర్ల సరుకు వస్తుందో ఆ ధారణ చెబుతుంది. 2025 చివరలో అది 40 డాలర్లకు దిగువన పలికింది. 40 అనుకున్నా, మన 200 టెరాహాష్‌ల యంత్రానికి రోజుకు 8 డాలర్లు, డాలరు 90 రూపాయల చొప్పున 720 రూపాయలు. కరెంటు 819. యంత్రం అమ్మేవారిని రాబడి కాగితం చూపమనే ముందు ఈ ధారణ చూసుకుంటే సగం మాటలు మిగులుతాయి.

పన్ను దగ్గర అసలు దెబ్బ

కరెంటు లెక్క కంటికి కనిపిస్తుంది. పన్ను లెక్క చాలామందికి సరుకు అమ్మినరోజుగాని తెలియదు. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ రకం డిజిటల్ ఆస్తుల అమ్మకం మీది ఆదాయానికి 30 శాతం పన్ను విధించారు. సెస్సుతో 31.2 శాతం. అదే సంవత్సరం జూలై నుండి చెల్లింపుల మీద 1 శాతం టీడీఎస్ కూడా వచ్చింది. వీటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉన్నది. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ ఆదాయంలోనుంచి తగ్గించుకోనివ్వరు. ఇందులో వచ్చిన నష్టాన్ని బియ్యం మీదనో, పప్పుల మీదనో వచ్చిన లాభంలో కలిపి చూపడానికి వీలులేదు.

నాణెం కొని అమ్మినవాడికి కొన్న ధర ఒకటుంటుంది. యంత్రంతో పుట్టించినవాడికి కొన్న ధర ఏది? కేంద్ర ఆర్థికశాఖ సహాయమంత్రి పంకజ్ చౌదరి 2022 మార్చిలో లోక్‌సభకు ఇచ్చిన సమాధానంలో, తవ్వకం కోసం పెట్టిన సదుపాయాల ఖర్చును కొనుగోలు ధరగా పరిగణించబోమని, అది మూలధన వ్యయం కిందకు వస్తుందని తెలిపారు. కరెంటు బిల్లు సరేసరి. అందుచేత వచ్చిన నాణెం మొత్తం విలువ మీదా పన్ను పడుతుందనుకునే లెక్క వేసుకోవలసి ఉన్నది. బియ్యం మిల్లరు కరెంటు, కూలి, గోనెసంచులు, మర తరుగుదల అన్నీ తీసేసి మిగిలినదానికి పన్ను కడతాడు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు 1 కోటి 10 లక్షల ధర దగ్గరకు తిరిగి వద్దాం. యంత్రం రోజు రాబడి 990 రూపాయలు. పన్ను 309. మిగిలేది 681. కరెంటు 819. రోజుకు 138 రూపాయల నష్టం. అది కూడా చరిత్రలోకెల్లా మంచి ధర పలికిన రోజున. ఈ పన్నుతో, ఈ కరెంటు ధారణతో ఎస్21 యంత్రం కరెంటు ఖర్చు మాత్రమే తెచ్చుకోవాలన్నా నాణెం 1 కోటి 32 లక్షలకు పైన నిలకడగా ఉండాలి.

ఇంకా మెరుగైన యంత్రాలు లేవా అంటే ఉన్నవి. ఎస్21 ఎక్స్‌పీ అనేది 270 టెరాహాష్‌ల వేగానికి 3,645 వాట్లు వాడుతుంది. అదే అత్యధిక ధర దగ్గర దాని రాబడి రోజుకు 1,336 రూపాయలు. పన్ను 417, కరెంటు 853 తీసేస్తే చేతికి 66 రూపాయలు. లక్షలు పోసి కొన్న యంత్రం మీద రోజుకు 66 రూపాయలు. ఆ ధర కూడా నిలవలేదు. 2025 నవంబరులోనే నాణెం 90 వేల డాలర్ల దిగువకు జారింది.

చౌకగా వచ్చే పాత సరుకు

కొత్త యంత్రం ఖరీదు చూసి వెనుకాడినవారికి పాత యంత్రం ఆశ చూపిస్తుంది. ఆటోనగర్‌లో పాత లారీ ఇంజను కొని బోరింగు చేయించి నడిపించిన ఊరు మనది. పాత యంత్రం అంటే భయం లేదు. అయితే పాత లారీ ఇంజను లాగే బరువు ఏటికేడు సగం కాదు.

2016లో వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్9 ఒకప్పుడు ఈ వ్యాపారంలో రారాజు. 13.5 టెరాహాష్‌ల వేగం. ఆ సంవత్సరం ద్వితీయార్ధంలో ప్రపంచం మొత్తం వేగం సుమారు 20 లక్షల టెరాహాష్‌లు మాత్రమే. అప్పట్లో ఆ యంత్రం వాటాకు రోజుకు 0.012 నాణెం వచ్చేది. అదే యంత్రం, ఒక్క స్క్రూ కూడా వదులు కాకుండా, 2025 స్థాయిలో ఇచ్చేది 0.000006. రెండు వేలవ వంతు. 1 కోటి 10 లక్షల ధరకు అది 67 రూపాయలు. రోజుకు తాగే కరెంటు సుమారు 32 యూనిట్లు, 309 రూపాయలు. ఉచితంగా ఇచ్చినా తీసుకోదగిన సరుకు కాదు.

2020 నాటి ఎస్19 ప్రో కథ కొంత నయం. 110 టెరాహాష్‌లకు 3,250 వాట్లు. 760 రూపాయల కరెంటుకు 544 రూపాయల రాబడి. పన్ను ముందే అది.

హల్లరు మరలు పోయి షెల్లర్లు, షెల్లర్లు పోయి రబ్బరు రోలు మరలు, వాటి పక్కన సార్టెక్స్ యంత్రాలు వచ్చినవి. ఆ మార్పుకు డెల్టాలో దశాబ్దాలు పట్టింది. పాత మర మూతపడినా స్థలం, షెడ్డు, మోటారు మిగిలినవి. బిట్‌కాయిన్ యంత్రంలోని చిప్పు ఒక్క పనికే పుట్టింది. ఆ పని గిట్టకపోతే దానితో టైపు కూడా చేయలేరు. ఇనుప సామాన్లవారు తూకానికి తీసుకుంటారు.

గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం నాణేలు తీసినవారి అనుభవం వేరు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం పద్ధతి మార్చుకుని తవ్వకాన్నే ఎత్తివేసింది. ఆ కార్డులకు ఒక్కరోజులో ఆ పని పోయింది. అయితే వీడియో ఆటలవారు, బొమ్మలు చేసేవారు ఉన్నారు కనుక సగానికో, పావుకో అమ్ముకోగలిగారు.

యంత్రమా, నాణెమా?

వర్తకుడు వేసుకోవలసిన అసలు లెక్క రూపాయలలో కాదు, నాణేలలో. యంత్రం కొనడమంటే రాబోయే మూడు, నాలుగు సంవత్సరాలలో విడతలుగా వచ్చే నాణేలకు ఇవాళే ముందుగా డబ్బు కట్టడం. ఒక రకమైన వాయిదా వ్యాపారమే. ఎన్ని నాణేలు చేతికి వస్తాయో మాత్రం అవతలివారు హామీ ఇవ్వరు.

మాటవరసకు యంత్రం దిగుమతి సుంకాలు, కిరాయి, 18 శాతం జీఎస్టీ కలుపుకుని 3 లక్షలకు ఇంటికి చేరిందనుకుందాం. నాణెం ధర కోటి రూపాయలు అనుకుందాం. మొదటి సంవత్సరం యంత్రానికి 3 లక్షలు, కరెంటుకు 3 లక్షలు, వెరసి 6 లక్షలు ఖర్చు. చేతికి వచ్చినది 0.033 నాణెం. అదే 6 లక్షలకు మొదటిరోజునే నాణెం కొని ఉంటే 0.06 ఉండేది. రెండవ సంవత్సరం మళ్ళీ 3 లక్షల కరెంటు పోస్తే వచ్చేది మరో 0.033, అదీ ప్రపంచంలో ఇంకొక్క యంత్రం కూడా పెరగకపోతే. ఆ 3 లక్షలకూ నాణెమే కొంటే 0.03. వెరసి రెండేళ్ళకు 9 లక్షల మీద యంత్రం గలవాడికి 0.066, నాణెం కొన్నవాడికి 0.09. పైగా కొన్నవాడికి పన్ను లెక్కలో కొన్న ధర తగ్గుతుంది.

నాణెం ధర పెరిగితే యంత్రం వాడికి లాభం కదా అనవచ్చు. పెరిగితే నాణెం కొన్నవాడికి అంతకన్నా ఎక్కువ లాభం, అతని దగ్గర నాణేలు ఎక్కువ ఉన్నవి కనుక. ధర పడితే నాణెం ఉన్నవాడు అమ్మి బయటపడతాడు. యంత్రం ఉన్నవాడికి నాణెం, యంత్రం రెండూ ఒకేసారి పడతాయి. నాణెం కొనడం మంచిదని ఇక్కడ చెప్పడం లేదు. అది వేరే జూదం. దాని మీద నమ్మకం లేనివాడికి యంత్రంతో అసలే పని లేదు, నమ్మకం ఉన్నవాడికి యంత్రం దండగ దారి.

యంత్రాల బజారులోని తేజీ, మందీ చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టపడుతుంది. 2021లో చైనా ప్రభుత్వం తవ్వకాన్ని నిషేధించింది. ప్రపంచ యంత్రాలలో సగం వరకు ఆగిపోయినవి. అదే సంవత్సరం జూలై 3న లెక్క ఒక్కసారిగా 28 శాతం సడలింది. యంత్రం ఉన్న మిగతావారికి అది పండుగ. నవంబరులో నాణెం 69 వేల డాలర్లకు చేరింది. కొత్తతరం యంత్రాలు టెరాహాష్‌కు 100 డాలర్ల వరకు పలికినవి. 110 టెరాహాష్‌ల యంత్రం 11 వేల డాలర్లు. సరిగ్గా సంవత్సరం తిరిగేసరికి నాణెం 16 వేల డాలర్ల దిగువకు వచ్చింది, యంత్రం టెరాహాష్‌కు 20 డాలర్ల ప్రాంతానికి దిగింది. అమెరికాలో ఈ రంగంలో పెద్ద సంస్థలలో ఒకటైన కోర్ సైంటిఫిక్ 2022 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. పెద్ద ఎత్తున చేసేవారి సంగతే అది.

సరుకు చేతికి రావడంలో ఆలస్యం మరో గండం. బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే అమెరికా సంస్థ ముందుగా డబ్బు తీసుకుని, యంత్రాలు పాతబడిన తరువాత పంపిందని, కొన్ని అసలే పంపలేదని 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకు వెళ్ళింది. నెల ఆలస్యమైన మామిడిపండ్ల లారీ ఎంతో, నెలలు ఆలస్యమైన ఈ యంత్రం అంతే.

చౌక కరెంటు ఆశ

లెక్క ఇంతవరకు విన్నవాడికి తరువాత వచ్చే ఆలోచన ఒకటే. కరెంటు చౌకగా దొరికితే? డెల్టాలో చౌక కరెంటు లేకపోలేదు. ఆక్వా జోనులో అర్హులైన చెరువుల రైతులకు 2019 నుండి సబ్సిడీతో యూనిట్ రూపాయిన్నరకే ఇవ్వడం మొదలైంది. వ్యవసాయ పంపుసెట్లకు ఉచితం. కైకలూరు చెరువుగట్టు మీటరు మీద ఎస్21 నడిపితే రోజుకు 126 రూపాయలే కదా, పన్ను పోను కూడా మిగులుతుంది కదా అని ఎవరైనా లెక్క వేయవచ్చు. ఆ లెక్క జైలు దగ్గర ఆగుతుంది. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, ఏ పనికి అనుమతి ఇచ్చారో ఆ పనికి కాక వేరే దానికి వాడిన కరెంటుకు రెట్టింపు ధారణ కట్టి వసూలు చేస్తారు. 135వ సెక్షన్ కింద దొంగతనంగా కేసు పెడితే మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. ఏరేటర్లు ఆగిన రాత్రి కూడా మీటరు అదే వేగంతో తిరుగుతుంటే డిస్కమ్ వారికి అనుమానం రాకపోదు. మలేసియాలో దొంగ కరెంటుతో నడిచే యంత్రాల గదులను ఇట్లాగే వాడకం తీరును బట్టి పట్టుకుంటున్నారు.

మేడమీద సోలార్ పలకల సంగతి న్యాయమైనదే. కాని ఒక కిలోవాటు పలకలకు మన ప్రాంతంలో రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 84 యూనిట్లు కావాలంటే 21 కిలోవాట్ల పలకలు వేయాలి. కేంద్రం 2024లో ప్రారంభించిన సూర్యఘర్ పథకపు సబ్సిడీ 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల దగ్గర ఆగిపోతుంది. అంత డబ్బు పెట్టి పలకలు వేసినవాడికి ఆ కరెంటుతో కోల్డ్ స్టోరేజీ నడిపినా, పిండిమర నడిపినా యూనిట్‌కు బిల్లులో 7, 8 రూపాయలు మిగులుతాయి. యంత్రానికి పోస్తే ఆ మిగులు పోయినట్లే.

సొంతంగా ఊకతో కరెంటు తీసే మిల్లర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. చిన్న గ్యాసిఫైయర్‌లో యూనిట్‌కు ఒకటిన్నర నుండి రెండు కిలోల ఊక కాలుతుంది. ఊక ఒకప్పుడు పారబోసేది. ఇప్పుడు ఇటుక బట్టీలవారు, బాయిలర్లవారు కాటా వేసి కొంటున్నారు. ఆ రోజు ఊక ధర వేసుకోకుండా కరెంటు ఉచితం అనుకోవడం పొరపాటు.

వేడి, వరద

యంత్రం తాగే మూడున్నర కిలోవాట్లూ చివరకు వేడిగానే బయటకు వస్తాయి. ఒక టన్ను ఏసీ యంత్రం ఎంత వేడిని లాగగలదో సరిగ్గా అంత. కొట్టు వెనుక గదిలో తలుపు మూసి పెడితే గంటలో కొలిమి అవుతుంది. ఏసీ పెడితే రోజుకు ఇంకో 20 యూనిట్ల పైన ఖర్చు. పెట్టకుండా పెద్ద ఫ్యాన్లతో గాలి తోలితే, బయట గాలి ఎంత వేడిగా ఉంటే లోపలా అంతే. ఈ యంత్రాలు 40, 45 డిగ్రీల వరకు తట్టుకునేట్టు తయారైనవి. బెజవాడలో రోహిణి కార్తె ఎట్లా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం వేళ యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. ఆగిన గంటలకు రాబడి లేదు. తీర ప్రాంతపు తేమ, రోడ్డు దుమ్ము ఫ్యాన్లను, బోర్డులను తినేస్తాయి. చప్పుడు 75 డెసిబెల్స్. పైవాటాలో కాపురం ఉన్నవారు ఊరుకోరు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు మునిగినప్పుడు కింది అంతస్తుల్లోని సామానంతా నీళ్ళపాలైంది, రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేని రోజున పాత బస్తాల సరుకు గోదాములో ఉన్నచోటే ఉంటుంది. యంత్రం వాటా మాత్రం ఆ రోజుకు వేరే దేశంలోని యంత్రాలకు పోతుంది.

చూడని యంత్రం

ఈ బాధలన్నీ మాకు వదిలేయండి, యంత్రం మేమే నడుపుతాం, నెలనెలా మీకు నాణేలు పంపుతాం అనే పథకాలు మరో రకం. దేశంలో వీటిలో పేరుమోసినది 2015లో మొదలైన గెయిన్‌బిట్‌కాయిన్. తవ్వకం పేరుతో నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు. తరువాత బిట్‌కాయిన్ బదులు తమ సొంత నాణెం అంటగట్టారు. 2018లో అరెస్టులు జరిగినవి. 2025 ఫిబ్రవరిలో కూడా సీబీఐ ఆ కేసులో 60కి పైగా చోట్ల సోదాలు చేసింది. నెలకు 10 శాతం అనే మాటలోనే అసలు విషయం ఉన్నది. ప్రపంచమంతా రోజుకు 450 నాణేలు పంచుకునే వ్యాపారంలో, రెండు వారాలకొకసారి లెక్క మారే వ్యాపారంలో, ముందుగానే ఇంత శాతం అని ఎవరు చెప్పగలరు? యంత్రం నంబరు, అది ఉన్న ఊరు, కరెంటు బిల్లు చూపనివారి రశీదు, గోదాము చూడకుండా కొన్న గిడ్డంగి రశీదుతో సమానం. ఆగ్రిగోల్డ్ డిపాజిట్ల వ్యవహారం చూసిన ఊరికి ఇంతకన్నా చెప్పనవసరం లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, ఈ నాణెం దేశంలో చెల్లుబాటయ్యే డబ్బు కాదు. అయితే నిషేధం కూడా లేదు. బ్యాంకులు ఈ లావాదేవీలకు దూరంగా ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2023 మార్చి నుండి మారకపు సంస్థలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందకు వచ్చినవి. లెక్కలు రాయకుండా చేతులు మార్చే కాలం పోయింది.

ఇంతా విన్న తరువాత కూడా యంత్రం తీసుకోదలచినవారు ఒక తేదీ గుర్తుంచుకోవలసి ఉన్నది. 2028లో పేజీకి వచ్చే బహుమానం మళ్ళీ సగమై 1.5625కు దిగుతుంది. ఆ రోజు నుండి ప్రపంచమంతటికీ పంచేది 450 కాదు, 225 నాణేలు. యంత్రం మీద తయారీదారు ఇచ్చే గ్యారంటీ మామూలుగా ఒక సంవత్సరం.